సంక్రాంతికి రాజమండ్రి ప్రయాణం: పాపకి కార్ సీటు, బాబుకి బూస్టర్, మా అత్తగారి ఒడి

గోదావరి_కోడలు
అందరికీ నమస్తే. మేం మియాపూర్‌లో ఉంటాం, సంక్రాంతికి కార్లో రాజమండ్రి వెళ్ళాలి. కారు 2016 నాటి చిన్న హ్యాచ్‌బ్యాక్. పాపకి 11 నెలలు, 8.6 కేజీలు. బాబుకి అయిదేళ్ళు నిండాయి, 17 కేజీలు, 108 సెంటీమీటర్లు. ఇన్నాళ్ళూ ఊళ్ళోనే తిరిగాం కాబట్టి పాపని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను, తప్పే అని తెలుసు, దయచేసి దాని మీద క్లాసు పీకకండి. ఈసారి ఏకంగా విజయవాడ హైవే. న్యూజెర్సీ నుంచి మా అన్నయ్య డిసెంబర్‌లో వస్తున్నాడు, వాళ్ళ బాబు వాడిన కార్ సీటు తెస్తానంటున్నాడు. అది మన కార్లకి సరిపోతుందా? పాపని ముందుకి తిప్పి కూర్చోబెట్టాలా, వెనక్కి తిప్పా? బాబుకి కూడా సీటు కావాలా, వాడికి బెల్టు పెడితే సరిపోదా? అన్నిటికంటే పెద్ద ప్రశ్న, మా అత్తయ్యగారికి ఎలా చెప్పాలి? "పసిదాన్ని కుర్చీకి కట్టేస్తారా, నా ఒళ్ళో పడుకుంటుంది కదా" అంటున్నారు.

సూర్యాపేట_శీను
మేమందరం సీట్లు లేకుండానే పెరిగినం కదక్కా. మా నాయన అంబాసిడర్లో తొమ్మిది మందిమి పోయేటోళ్ళం. ఇప్పుడు ప్రతిదానికీ ఒక వస్తువు, దానికో పదిహేను వేలు.

కూకట్‌పల్లి_నాన్న
శీనన్నా, ఆ అంబాసిడర్ ఎంత స్పీడ్‌లో పోయేది, గుర్తుందా? అప్పటి సింగిల్ రోడ్డు మీద 50 దాటితే గొప్ప. ఇప్పుడు హైదరాబాద్ చుట్టూ ఉన్న ఓఆర్ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) మీద అనుమతించేదే 120. సరే, ఆ 50 దగ్గరే లెక్క చూద్దాం. గంటకి 50 అంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. దేన్నైనా గుద్దితే కారు ముందుభాగం నలిగి ఓ అర మీటరులో ఆగిందనుకో, లోపలున్న ప్రతి వస్తువుకీ దాని బరువుకి ఇరవై రెట్ల తోపు వస్తుంది. అంటే గోదావరి_కోడలు గారి 8.6 కేజీల పాప ఆ క్షణంలో 170 కేజీల పైచిలుకు. చేతుల్లో ఎంత బలమున్నా లాభం లేదు, ఎందుకంటే పట్టుకున్న వాళ్ళ బరువు కూడా అప్పుడు అలాగే ఇరవై రెట్లు అవుతుంది. ఒకవేళ వాళ్ళు బెల్టు పెట్టుకోకపోతే, పాప వాళ్ళకీ ముందు సీటుకీ మధ్య మెత్తలా నలుగుతుంది. ఇంతకంటే రాయబుద్ధి కావడం లేదు.

నాకిద్దరు పిల్లలు, మూడు సీట్లు కొన్నాను, అందులో ఒకటి పూర్తిగా దండగ. తొమ్మిది నెలలకే ముందుకి తిప్పే సీటు కొన్నాను, షాపతను "బాబు పెద్దోడయ్యాడు సార్" అన్నాడని. ఆ తప్పు మీరు చెయ్యకండి. వయసు చూసి కొనకండి, బరువూ ఎత్తూ చూసి కొనండి.

పిల్లల_డాక్టరమ్మ
గుంటూరు నుంచి. పాప విషయంలో ఏ అనుమానం లేదమ్మా, వెనక్కి తిరిగే కూర్చోవాలి. పుట్టిన బిడ్డ పొడవులో తలే పావు వంతు ఉంటుంది, పెద్దవాళ్ళలో అది ఎనిమిదో వంతు దగ్గర. మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు, మధ్యలో మెత్తటి భాగాలుంటాయి. ముందుకి తిరిగి కూర్చున్న పాప భుజాల్ని పట్టీలు ఆపుతాయి, తల మాత్రం ఆగదు, ముందుకి విసురుగా పోతుంది. అప్పుడు ఆ మెడ మీద పడే లాగుడు ఊహించుకోండి. వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు మూడూ ఒకేసారి సీటు వీపులోకి ఒత్తుకుంటాయి.

పాతకాలపు యూరప్ ప్రమాణం ఆర్44లో 9 కేజీలకే ముందుకి తిప్పొచ్చని ఉండేది, మన దగ్గర అమ్మే చాలా సీట్ల డబ్బాల మీద ఇప్పటికీ అదే కనబడుతుంది. తర్వాత వచ్చిన ఆర్129లో 15 నెలల లోపు ముందుకి తిప్పనే కూడదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఏఏపీ 2018లో ఇంకో అడుగు ముందుకేసి, రెండేళ్ళన్న లెక్క కూడా తీసేసి, ఆ సీటు బరువు పరిమితో ఎత్తు పరిమితో వచ్చేదాకా వెనక్కే ఉంచమంది. స్వీడన్‌లో నాలుగేళ్ళదాకా వెనక్కే కూర్చోబెడతారు.

"కాళ్ళు మడుచుకుపోతున్నాయి" అని తల్లులందరూ అడుగుతారు. పిల్లలు మఠం వేసుకుని గంటలకొద్దీ కూర్చుంటారు కదా ఇంట్లో, అంతే. కాళ్ళు సీటుకి తగిలితే ఇబ్బందేం లేదు. తల పైభాగం సీటు అంచుకి దగ్గరైతే మాత్రం ఆ సీటు చిన్నదైనట్టు.

డల్లాస్_బావ
చెల్లెమ్మా, ఇక్కడ మా పాప పుట్టినప్పుడు నర్సు వచ్చి "కార్ సీటు తెచ్చారా, చూపించండి" అని అడిగింది, అది చూశాకే ఇంటికి పంపింది. అప్పుడు మా అమ్మ ఇక్కడే ఉంది, "ఇదేం దేశంరా, పిల్లని అమ్మకివ్వడానికి కుర్చీ చూపించాలా" అంది. అదే నేను హైదరాబాద్‌లో దిగగానే ఎయిర్‌పోర్టు క్యాబ్‌లో పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. ఒక్క విమాన ప్రయాణంతో మన బుద్ధి ఎలా మారిపోతుందో.

మీ అన్నయ్య తెచ్చే సీటు గురించి రెండు సంగతులు. మొదటిది, కింద స్టిక్కర్ మీద తయారైన తేదీ, గడువు తేదీ ఉంటాయి, ఫోటో తీసి పంపమనండి. ప్లాస్టిక్‌కి గడువేంటని నవ్వకండి, ఎండలో ఏళ్ళ తరబడి ఉన్న ప్లాస్టిక్ పెళుసవుతుంది. రెండోది, ఆ సీటు ఏదైనా యాక్సిడెంట్‌లో ఉందా అని సొంత అన్నయ్య కాబట్టి అడిగి నిజం తెలుసుకోగలరు, బయటివాళ్ళ దగ్గర సెకండ్ హ్యాండ్ కొంటే ఆ భరోసా లేదు.

గ్యారేజీ_గిరి
అక్కా నేను బెజవాడ ఆటోనగర్‌లో సీట్ కవర్లు, యాక్సెసరీస్ పని చేస్తా. బావగారు చెప్పనిది ఒకటుంది, అది చాలామందికి తెలీదు. అమెరికా కార్లలో బెల్టు మొత్తం చివరిదాకా లాగేసి వదిలితే టిక్ టిక్ మంటా వెనక్కెళ్తా బిగుసుకుంటది, ఇక ముందుకి రాదు. అక్కడి సీట్లు ఆ లాక్‌ని నమ్ముకుని చేసినవి. మన కార్లలో ఎక్కువ శాతం అది ఉండదు. మన బెల్టు గబుక్కున లాగితేనే పట్టేస్తది, మెల్లగా లాగితే వస్తానే ఉంటది. అందుకని అమెరికా సీటు మన బెల్టుతో కడితే షాపులో గట్టిగానే అనిపిస్తది, పది గుంతలు దాటాక వదులైపోతది. కొన్ని సీట్లకి వాటిలోనే బెల్టుని నొక్కిపట్టే క్లాంప్ ఉంటది, అలాంటిదైతే పర్లేదు. లేకపోతే హెచ్ ఆకారంలో ఒక ఇనప క్లిప్ వస్తది, అది బెల్టుకి వెయ్యాలి, మాన్యువల్లో చూపించినట్టే వెయ్యాలి.

ఇంకోటి, పాప సీటు వెనక్కి తిప్పి కట్టాలంటే బెల్టు చాలా పొడుగు కావాలి. కొన్ని చిన్న కార్లలో బెల్టు చాలదు. కొనేముందు కారు దగ్గరికి తెచ్చి కట్టించి చూపించమనండి, డబ్బా చూసి కొనొద్దు.

మీ 2016 కారులో ఐసోఫిక్స్, అంటే పిల్లల సీటుని బెల్టు లేకుండా నేరుగా కారుకే తగిలించే ఏర్పాటు, ఉందో లేదో చూసుకోండి. వెనక సీటులో వీపూ కూర్చునే భాగమూ కలిసే సందులో వేలు పెడితే రెండు ఇనప కడ్డీలు తగలాలి. ఉన్నా సరే చాలామందికి తెలీదు, ఎందుకంటే మా బోటి వాళ్ళం వేసిన దళసరి సీట్ కవర్ వాటిని కప్పేస్తది. నా దగ్గరికొచ్చిన ఒకాయన మూడేళ్ళు తన కార్లో లేదనుకున్నాడు, కవర్ కోస్తే కనపడ్డాయి.

గోదావరి_కోడలు
గిరిగారూ ఇప్పుడే కిందకెళ్ళి వేలు పెట్టి చూశాను, ఏం తగల్లేదు, ఒక మురుకు ముక్కా రెండు రూపాయల బిళ్ళా దొరికాయి. అంటే బెల్టుతోనే కట్టాలన్నమాట. అన్నయ్యని స్టిక్కర్ ఫోటో అడిగాను.

మెల్‌బోర్న్_మల్లి
బెల్టుతో కట్టినా సరిగ్గా కడితే ఐసోఫిక్స్ కంటే తక్కువేం కాదు, ఐసోఫిక్స్‌తో తప్పులు తక్కువ జరుగుతాయి, అంతే తేడా. బెల్టు వెళ్ళే దారి దగ్గర సీటుని పట్టుకుని అటూ ఇటూ ఊపండి, అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. పైన పట్టుకుని ఊపితే ఎలాగూ ఊగుతుంది, దాన్ని చూసి బెంగపడకండి.

ఇక్కడ ఆస్ట్రేలియాలో వేరే దేశం సీటు వాడితే చట్టం ఒప్పుకోదు, ఇక్కడి ప్రమాణం గుర్తు ఉన్నదే వాడాలి. మా అక్క ఇండియా నుంచి మంచిది కొని తెచ్చింది, పడెయ్యాల్సి వచ్చింది. కాబట్టి అటు నుంచి ఇటు వచ్చేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే సామాన్లలో దాని బదులు ఆవకాయ పెట్టుకోండి, అదీ డిక్లేర్ చేసి.

ఖమ్మం_కళ్యాణి
మీరందరూ పాతికవేల సీట్ల గురించి మాట్లాడుతున్నారు. మాది సెకండ్ హ్యాండ్ ఆల్టో, మావారు ప్రైవేట్ స్కూల్లో టీచర్. మాలాంటి వాళ్ళం ఏం చెయ్యాలి? బాబుకి ఏడేళ్ళు, 21 కేజీలు.

కూకట్‌పల్లి_నాన్న
కళ్యాణి గారూ, మీ బాబుకి పెద్ద ఖర్చు అవసరం లేదు. వాడికి కావల్సింది బూస్టర్ మాత్రమే, అది చాలా తక్కువలో వస్తుంది. వీపు ఉన్నది దొరికితే మంచిది, తల పక్కకి వాలకుండా ఉంటుంది, బెల్టు మెడ మీదికి రాకుండా పైన కొక్కెం ఉంటుంది. దాంట్లో మాయేమీ లేదు, పిల్లాణ్ణి ఎత్తులో కూర్చోబెట్టి పెద్దవాళ్ళ బెల్టు వాడికి సరైన చోట పడేలా చేస్తుంది. దానికి మూడు చోట్ల పట్టుండే బెల్టు తప్పనిసరి, నడుము బెల్టు ఒక్కటే ఉన్న చోట బూస్టర్ పెట్టకూడదు. పాత కార్లలో వెనక మధ్య సీటుకి నడుము బెల్టే ఉంటుంది, కొన్నిట్లో అదీ ఉండదు. ఆల్టోలో కిటికీ పక్కన బెల్టు పనిచేస్తోందో లేదో ముందు చూసుకోండి, ఇంట్లో దిండు మాత్రం బూస్టర్ బదులు పెట్టకండి, అది జారుతుంది.

పిల్లల_డాక్టరమ్మ
దిండు మాట చెప్పినందుకు సంతోషం. ఎందుకు జారకూడదంటే, పిల్లల తుంటి ఎముకలు ఇంకా చిన్నవి, బెల్టుని పట్టి ఆపే అంచు వాటికి ఉండదు. పిల్లవాడు కిందికి జారితే బెల్టు తొడల మీదనుంచి పొట్ట మీదికెక్కుతుంది. గుద్దినప్పుడు ఎముక పట్టాల్సిన బరువు పేగులూ కాలేయమూ పడతాయి. బూస్టర్ ఉన్నది అందుకే. గోదావరి_కోడలు గారి బాబుకీ ఇదే మాట, 17 కేజీలంటే అయిదు పట్టీల సీటు దాదాపు 18 కేజీల దగ్గర అయిపోతుంది, వాడికి నేరుగా వీపున్న బూస్టరే కొనండి, కానీ వాడు బెల్టు తీసెయ్యకుండా, పక్కకి పడుకోకుండా కూర్చునే రకమైతేనే.

సూర్యాపేట_శీను
డాక్టరమ్మగారూ మీరు చెప్తే ఒప్పుకుంటా. కానీ చట్టం ఏమన్నా ఉందా, లేకుంటే ఇదంతా మనకు మనం చేసుకునేదా? చలాన్ పడుతదా?

గ్యారేజీ_గిరి
ఉందన్నా. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చినప్పుడు 194బీ అని పెట్టారు. 14 ఏళ్ళ లోపు పిల్లలకి బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయలు. మా దగ్గర ఆపి అడిగింది ఎప్పుడూ చూళ్ళేదు, అది వేరే సంగతి. బండి మీదయితే ఇంకా వివరంగా ఉంది, 2022లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం 4 ఏళ్ళ లోపు పిల్లలకి హార్నెస్ (నడిపేవాళ్ళకి కలిపి కట్టే పట్టీ), వాళ్ళలో 9 నెలలు దాటినవాళ్ళకి హెల్మెట్, స్పీడు 40 దాటకూడదు. ఎంతమంది పాటిస్తన్నారో మనకి తెలిసిందే.

నేనొకటి ఒప్పుకోవాలి. బెల్టు పెట్టుకోపోతే మోగే బీప్‌ని ఆపడానికి ఉత్త క్లిప్పులు మేమే అమ్మేవాళ్ళం, యాభై రూపాయలకి రెండు. 2023లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ సైట్లని అవి తీసెయ్యమంది, ఆ వార్త చూసి నేను మానేశా. ఇప్పటికీ వారానికి ముగ్గురు అడుగుతారు.

డల్లాస్_బావ
ఇక్కడ రాష్ట్రానికో రూలు. మా టెక్సస్‌లో ఎనిమిదేళ్ళ లోపు, నాలుగడుగుల తొమ్మిదంగుళాల లోపు అయితే సీటు ఉండాలి. కాలిఫోర్నియాలో రెండేళ్ళ లోపు వెనక్కే తిప్పాలి, 40 పౌండ్ల బరువు లేదా 40 అంగుళాల ఎత్తు దాటితే తప్ప. దుబాయ్‌లో ఉన్న మా తమ్ముడు నాలుగేళ్ళ లోపు సీటు లేకపోతే 400 దిర్హములంటాడు. భయం కోసమైనా మొదలెట్టినవాళ్ళు తర్వాత అలవాటు వల్ల మానలేరు, నా అనుభవం అది.

గోదావరి_కోడలు
అన్నయ్య ఫోటో పంపాడు. సీటు తయారై ఎనిమిదేళ్ళయింది, గడువు ఏడేళ్ళు! ఏడాది నుంచి వాళ్ళ బాబునే ఎక్స్‌పైర్ అయిన దాంట్లో తిప్పుతున్నాడని మా వదిన ఇప్పుడు వాడి మీద ఇంతెత్తున లేచింది. నా వల్ల వాళ్ళింట్లో గొడవ. సరే, ఇక్కడే కొంటాం. డబ్బా మీద ఏం చూడాలి?

కూకట్‌పల్లి_నాన్న
సీటుకి నారింజ రంగు స్టిక్కర్ ఉంటుంది, వలయంలో ఇంగ్లీషు "E" అక్షరం, పక్కన ఒక అంకె, కింద ఆర్44/04 అనో ఆర్129 అనో. అది యూరప్ ప్రమాణం, మన ఏఐఎస్-072 కూడా ఆ దారిలోదే. స్టిక్కరే లేకపోతే అది కుర్చీ, కార్ సీటు కాదు. ఆన్‌లైన్‌లో రెండు వేలకి "కార్ సీటు" పేరుతో గుడ్డతో కుట్టిన పట్టీలు అమ్ముతున్నారు, సీటుకి కట్టి పిల్లాణ్ణి దానికి కట్టడం, వాటి జోలికి పోకండి.

పాపకి 0 నుంచి 18 కేజీలది తీసుకుంటే నాలుగేళ్ళు వస్తుంది. 0 నుంచి 36 అని రాసినవి కూడా ఉన్నాయి, అన్నీ ఒక్కదాంట్లో. నా అభిప్రాయం, అన్ని సైజులకీ ఒకే చొక్కా ఎవరికీ సరిగ్గా పట్టదు, పైగా అది పన్నెండేళ్ళు ఆగుతుందా? గడువు సంగతి ఇప్పుడే చూశాం.

వెనక సీటులో ఎడమవైపు పెట్టండి. మన రోడ్ల మీద ఎడమవైపే పక్కన నిలబడి పిల్లని దించగలం, కుడివైపు తలుపు తీస్తే ట్రాఫిక్‌లోకి తీస్తాం. ముందు సీటులో ఎయిర్‌బ్యాగ్ ఉంటే వెనక్కి తిప్పిన సీటు అక్కడ పెట్టనే కూడదు, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే సరిగ్గా పాప తల వెనకున్న సీటు వీపునే కొడుతుంది.

అత్తయ్యగారికి ఒక ఉపాయం. 10 కేజీల బియ్యం బస్తా ఒళ్ళో పెట్టుకుని, బెల్టు పెట్టుకుని వెనక కూర్చోమనండి. ఖాళీ మైదానంలో 20 స్పీడులో వెళ్ళి బ్రేకు నొక్కండి. మా అమ్మ అలాగే ఒప్పుకుంది.

మెల్‌బోర్న్_మల్లి
పట్టీలు ఎలా ఉండాలో ఎవరూ చెప్పలేదు. వెనక్కి తిరిగి ఉన్నప్పుడు పట్టీ బయటికొచ్చే రంధ్రం పాప భుజాల ఎత్తులో గానీ కొంచెం కింద గానీ ఉండాలి. ముందుకి తిప్పాక భుజాల ఎత్తులో గానీ పైన గానీ. బిగించాక భుజం ఎముక దగ్గర పట్టీని వేళ్ళతో మడతపెట్టి చిటికెలో పట్టుకోవడానికి చూడండి, పట్టు దొరికితే వదులుగా ఉన్నట్టు. సంక్రాంతికి తెల్లవారుజామున బయల్దేరతారు కదా, మంచుంటుంది, పాపకి స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసి పట్టీ వెయ్యకండి, దళసరి బట్ట గుద్దినప్పుడు అణిగిపోయి పట్టీ వదులైపోతుంది. ముందు పట్టీ బిగించి, పైన శాలువా కప్పండి.

వేసవిలో అయితే ఇంకో బాధ, ఆరుబయట పార్క్ చేస్తే బకిల్ ఇనుము కాలుతుంది. దిగేటప్పుడు మీద తడి తువ్వాలు కాదు, పొడి దుప్పటి కప్పి వెళ్ళండి. పిల్లల్ని ఒక్క నిమిషమని కూడా లోపల వదిలి వెళ్ళకండి.

ఖమ్మం_కళ్యాణి
కూకట్‌పల్లి అన్నా, బూస్టర్ ఎప్పటిదాకా వాడాలి? పన్నెండేళ్ళ వరకా? మావాడు ఇప్పుడే సిగ్గుపడుతున్నాడు, చిన్నపిల్లల కుర్చీ అంటాడు.

పిల్లల_డాక్టరమ్మ
వయసు కాదమ్మా, దాదాపు 145 సెంటీమీటర్లు వచ్చేదాకా. అయినా కార్లు వేరు వేరుగా ఉంటాయి కాబట్టి కొలతకంటే కూర్చోబెట్టి చూడటం మేలు. వీపు సీటుకి పూర్తిగా ఆనుకుని ఉండగా మోకాళ్ళు సీటు అంచు దగ్గర వంగాలి. నడుము బెల్టు తొడల పైభాగంలో పడాలి, పొట్ట మీద కాదు. భుజం బెల్టు భుజం మధ్యలో పడాలి, మెడకి తగలకూడదు, చంక కిందికి పోకూడదు. ప్రయాణమంతా అలాగే కూర్చోగలగాలి. ఇవన్నీ కుదిరితే బూస్టర్ తీసెయ్యండి. సిగ్గుపడేవాళ్ళకి నేను "పైలట్ సీటు" అని చెబుతాను, ఎత్తులో కూర్చుంటే కిటికీలోంచి అన్నీ కనబడతాయి కదా.

సూర్యాపేట_శీను
ఒక మాట అడుగుత. మా మరదలు వాళ్ళు పెద్దోళ్ళ బెల్టే పిల్లనీ తననూ కలిపి పెట్టుకుంటది. అది నడుస్తదా?

కూకట్‌పల్లి_నాన్న
వద్దన్నా, అది ఏమీ లేకపోవడం కంటే మంచిదేం కాదు. ఆమె బరువంతా పిల్ల మీద పడి, పిల్లని బెల్టుకేసి నొక్కుతుంది. గట్టిగా చెప్పు.

గోదావరి_కోడలు
హాయ్ అందరికీ, పండగైపోయి నిన్ననే వచ్చాం. చాలా పెద్ద పోస్టు, క్షమించండి.

సీటు అమీర్‌పేట వైపు ఒక షాపులో కొన్నాం. మొదట చూపించిన సీటుకి గిరిగారు చెప్పినట్టే మా కారు బెల్టు చాలలేదు, నాలుగు వేళ్ళ దూరంలో ఆగిపోయింది. షాపు అబ్బాయి "ముందుకి తిప్పితే సరిపోతుంది మేడం, పాపకి కూడా బయట కనబడుతుంది" అన్నాడు. ఇదంతా చదవకపోయి ఉంటే నేను సరే అనేదాన్ని. రెండోది సరిపోయింది. అది కూడా అతను బెల్టుని తప్పు దారిలో పెట్టాడు, సీటుకి వెనక్కి తిప్పినప్పుడు నీలం గుర్తు, ముందుకి తిప్పినప్పుడు ఎరుపు గుర్తు ఉన్నాయి, అతను ఎరుపు దాంట్లోంచి తోసేశాడు. మావారు మాన్యువల్ తీసి చదివి మళ్ళీ కట్టారు, మోకాలితో సీటులోకి బరువంతా వేసి నొక్కుతూ లాగితే గానీ బిగియలేదు. బాబుకి వీపున్న బూస్టర్.

ఇక స్థలం సమస్య. పాప సీటు వెనక్కి తిప్పితే ముందు సీటు జరపాలి, మా మామయ్యగారు ఆరడుగుల మనిషి. రెండు సీట్లూ పెట్టాక వెనక మిగిలింది మధ్యలో నా ఒక్కదానికే, అదీ ఇరుక్కుని. మొత్తం నలుగురు పెద్దవాళ్ళం ఆ కార్లో కుదరమని తేలిపోయింది. రెండు రోజులు ఇంట్లో మౌనం. చివరికి మామయ్యగారే "నాకు గౌతమిలో బెర్త్ చూడరా, హాయిగా పడుకుని పోతా" అన్నారు. పండగ సీజన్‌లో తత్కాల్‌లో దొరకడం మా అదృష్టం. అత్తయ్యగారు ముందు సీటులో.

బియ్యం బస్తా ప్రయోగం చేశాం. కాలనీ వెనక ఖాళీ ప్లాట్లలో. బ్రేకు నొక్కగానే బస్తా జారి అత్తయ్యగారి కాళ్ళ మీద పడింది. ఆవిడ బస్తాని చూసి, మావారిని చూసి, "బియ్యం మూటా నా మనవరాలూ ఒకటేనా? మూటకి చేతులున్నాయా పట్టుకోడానికి?" అన్నారు. ప్రయోగం ఫెయిల్.

పని చేసింది వేరే. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరినా పంతంగి టోల్ దగ్గర కిలోమీటర్ల కొద్దీ కార్లు. ఆ జామ్‌లో పాప ఏడ్చింది, అత్తయ్యగారు వెనక్కి తిరిగి "తియ్యి, పాపం" అన్నారు, నేను పాలు పట్టడానికి తీశాను, బండి ఆగి ఉంది కాబట్టి. మళ్ళీ పెట్టి బిగించాను. టోల్ దాటి స్పీడ్ అందుకోగానే పడుకుంది, సూర్యాపేట దాటేదాకా లేవలేదు. గంటన్నర. ఒళ్ళో ఎప్పుడూ అరగంట కంటే పడుకోదు, చెయ్యి మార్చగానే లేస్తుంది. అత్తయ్యగారు నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూశారు. రెండు గంటలకోసారి ఆపి పాపని సీటులోంచి తీసి ఎత్తుకున్నాం, ఆ ఎత్తుకోవడం మొత్తం ఆవిడదే డ్యూటీ. ఊళ్ళో దిగాక మా తోడికోడలితో "సీటు కొనమని నేనే పోరాను, మీరూ కొనుక్కోండి" అంటుంటే నేను పక్కనే ఉన్నాను. ఏం మాట్లాడలేదు.

బాబు ఏలూరు దగ్గర బూస్టర్‌లో వాంతి చేసుకున్నాడు. దాని గురించి ఎవరూ హెచ్చరించలేదు!

డల్లాస్_బావ
హహ, తోడికోడలి దగ్గర మౌనంగా ఉన్నందుకు మీకు పద్మశ్రీ ఇవ్వాలి. వాంతి మాట మేం చెప్పలేదు, నిజమే. మేమెప్పుడూ సీటు కింద పాత తువ్వాలు, డోరులో ప్లాస్టిక్ కవర్లు పెట్టుకుంటాం. కానీ పిల్లకీ పట్టీకీ మధ్య మాత్రం ఏమీ పెట్టొద్దు.

సూర్యాపేట_శీను
మా ఊరి మీదనుంచే పోయినవు, చెప్పకపోతివి అక్కా, టీ తాగించేటోణ్ణి. మా మరదలికి ఈ చర్చ మొత్తం పంపిన. కొంటదో లేదో గానీ బెల్టు కలిపి పెట్టుకోవడం మానేసింది. కొత్త కారు కొనేటప్పుడు పిల్లల రక్షణకి కూడా మార్కులు చూడాలంటరు, నిజమేనా?

కూకట్‌పల్లి_నాన్న
నిజమే. భారత్ ఎన్‌క్యాప్ అని 2023 అక్టోబరు నుంచి మన ప్రభుత్వమే రేటింగ్ ఇస్తోంది. పెద్దవాళ్ళకి వేరే స్టార్లు, పిల్లలకి వేరే. పిల్లల మార్కులు 49కి ఇస్తారు, ఏడాదిన్నర పిల్లంత బొమ్మనీ మూడేళ్ళ పిల్లంత బొమ్మనీ సీట్లలో పెట్టి గుద్దిస్తారు. షోరూంలో పెద్దవాళ్ళ స్టార్లే గట్టిగా చెబుతారు, రెండో అంకె మనమే అడగాలి. కానీ సీటు కట్టకుండా పిల్లని ఒళ్ళో పెట్టుకుంటే ఆ స్టార్లు ఆ పిల్లకి వర్తించవు.

గోదావరి_కోడలు
ఇంకో ఆఖరి ప్రశ్న. వాంతి కడిగేశాం గానీ, పాప సీటు బకిల్‌లో అరిసె ముక్కలూ బెల్లమూ ఇరుక్కుని, ఎర్ర బటన్ నొక్కితే సగమే దిగుతోంది. టిక్ అని సరిగ్గా పడటం లేదు. మావారు కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేద్దామంటున్నారు.

గ్యారేజీ_గిరి
నూనె వెయ్యొద్దక్కా! దుమ్మంతా పట్టి ఇంకా బిగుస్తది, లోపల ప్లాస్టిక్ కూడా పాడవుద్ది. సీటు తలకిందులు చేసి బకిల్ కిందనుంచి బయటికి తీసే పద్ధతి మాన్యువల్లో ఉంటది. తీసి గోరువెచ్చటి నీళ్ళలో, ఉత్త నీళ్ళే, సబ్బు కూడా వద్దు, ముంచి బటన్ ఓ ఇరవైసార్లు నొక్కండి, బెల్లం కరిగిపోద్ది. దులిపి నీడలో ఆరబెట్టండి. పట్టీలు మాత్రం నీళ్ళలో నానబెట్టొద్దు, మిషన్లో అసలొద్దు, తడిగుడ్డతో తుడవండి చాలు. ఆరాక టిక్ అని వినపడాలి, లాగితే ఊడకూడదు. అప్పటికీ సగమే దిగుతుంటే కంపెనీకి ఫోన్ చేసి బకిల్ మార్పించుకోండి, అప్పటిదాకా పాపని దాంట్లో తిప్పొద్దు. అరిసెలు నాక్కూడా పంపాల్సింది.